మూడోసారి అడగనివ్వని వదిన

నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై మూడో ఏట. పెనుకొండలో మా చర్చి వరండాలో పాస్టరు అయ్యగారి భార్య సాయంత్రాలు నేర్పేది. నాతో కూర్చున్న ఆడవాళ్ళంతా చదవడం రాగానే సువార్తలతో మొదలుపెట్టారు. నేను మాత్రం పుస్తకం అన్నాక మొదటి పేజీ నుంచే చదవాలనుకున్నాను. సినిమాకు సగంలో పోతే ఏం అర్థమవుతుంది? అందుకని సృష్టి దగ్గర పట్టుకున్నాను. వేలు పెట్టి, కూడబలుక్కుంటూ, రోజుకు అరపేజీ. మూడేళ్ళకు బలుల దగ్గరికి వచ్చాను. ఏ తప్పుకు మేక, ఏ తప్పుకు గొర్రె, ఏ తప్పుకు రెండు పావురాలు, అంతా వరుసగా ఉంది. ముదిగుబ్బ గొర్రెల వ్యాపారులు కూడా అంత వివరంగా చెప్పరు.

అయ్యగారు నవ్వేవారు. "అవన్నీ అయిపోయినాయమ్మా. ఆ బలులన్నిటికీ బదులుగా ప్రభువు ఒక్కసారే బలైనాడు. నువ్వు త్వరగా ముందుకు రా."

"వస్తాండా అయ్యగారూ. దోవలోనే ఉండా."

అట్లా దోవలో ఉన్నప్పుడే ఆమె కలిసింది. కొండ కింద వీధిలో మేడమీద అద్దెకుండే పరాయిదేశపు ఆవిడ. మనశ్శాంతి కోసం వచ్చిందని కొందరు, పట్టుచీరల అంచుల గురించి రాసుకోవడానికి వచ్చిందని కొందరు అనేవాళ్ళు. పదిహేనేళ్ళుగా ఈ చుట్టుపక్కలే ఉంది. వంటకు మనిషి కావాలంటే నేను పోయాను. తెల్లగా, ఎండకు ఎర్రబడి, నా వయసే ఉంటుంది. ఏ భాషలో మాట్లాడాలా అని నేను గడపలో నిలబడి ఆలోచిస్తుంటే, ఆమే అంది:

"ఏమక్కా, ఆడే నిలబడితివి? లోపలికి రా. ఆకలైతాండాది."

ఆమెకు కోడికూర చేసిన రోజు పెరుగు గిన్నె కంటికి కనబడకూడదు. పాలకు వేరే గిన్నెలు, మాంసానికి వేరే గిన్నెలు. ఇదేం పద్ధతి అని అడిగితే, తాను యూదురాలినని, ఇశ్రాయేలు దేశం నుంచి వచ్చానని చెప్పింది. నా చేతిలో గరిటె ఆగిపోయింది. మూడేళ్ళుగా నేను వేలు పెట్టి చదువుతున్న మనుషులు పెనుకొండలో అద్దెకుంటారని నాకేం తెలుసు?

"అయితే మోషే మీకు ఏమైతాడు?" అని అడిగాను.

"దూరపు చుట్టం" అంది ఆమె.

ఇక మా ఇద్దరికీ స్నేహం కుదిరింది. నేను చదివేది ఆమెకు నోటికి వచ్చు. బలుల సంగతి నాతో విసుగు లేకుండా మాట్లాడింది ఆమె ఒక్కతే. మనిషిని మోసం చేసినవాడు ముందు ఆ మనిషికి ఇవ్వాల్సింది ఇచ్చి, ఆ తర్వాతే బలి తేవాలని ఒక చోట ఉంది. అక్కడికి వచ్చినప్పుడు నేను పుస్తకం మూసేశాను.

ఎందుకు మూశానో చెప్పాలంటే ధర్మవరం సంగతి చెప్పాలి.

అప్పటికి పద్దెనిమిదేళ్ళ కిందటి మాట. వదినా నేనూ ధర్మవరంలో అచ్చు అతికేవాళ్ళం. వదిన అంటే మా ఆయన అక్క. మగ్గం మీద ఒక పడుగు అయిపోయాక, దాని కొసలకు కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటే మెలిపెట్టి కలపాలి. వేల పోగులు. ఒక్కటి పక్కకు పోయినా చీర పొడుగునా గీత పడుతుంది. వదిన వేళ్ళకు ఆ వీధిలో పెద్ద పేరు. ఆమె ఎడమ సగం, నేను కుడి సగం. మధ్యలో మొదలుపెట్టి అంచుల వైపు పోయేవాళ్ళం.

ఆ సాయంత్రం హిందూపురంలో సువార్త కూటం ఉంది. పాటలు పాడేవాళ్ళలో నేనూ ఉన్నాను. రైలు అందుకోవాలి. సరిగ్గా అప్పుడే వీధి కొళాయికి నీళ్ళొచ్చాయి. వదిన లేచి తన బిందెలతో పాటు నా బిందెలు కూడా తీసుకుపోయింది. నా వైపు పని అప్పటికే అయిపోయింది. ఊరికే కూర్చోలేక ఆమె వైపు ఒక నలభై పోగులు అతికేశాను. నోట్లో పాట, చేతిలో పోగు. పచ్చ పోగులు అయిపోయి ఎర్ర అంచు మొదలయ్యే చోటు అది. వదిన బిందెలు మోసి వచ్చి, చెమట తుడుచుకుని, మిగతాది పూర్తి చేసింది. నేను చేశానని ఆమె గమనించలేదు. నేనూ చెప్పలేదు. కూటంలో పాపాలు ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తమంటే ఎత్తాను. బాగా ఏడ్చాను కూడా.

పది రోజులకు బట్ట కనబడింది. పచ్చ చీరలో ఎర్ర గీత, నిలువునా. అది పెండ్లి చీర. మగ్గాల యజమాని వచ్చి, "ఎడమ పక్క ఎవరిది?" అన్నాడు.

"నాదే" అంది వదిన.

"నీ కండ్లు పోయినాయమ్మా. ఇంక అచ్చు నీ వల్ల కాదు."

నేను పక్కనే ఉన్నాను. నా నోరు తెరుచుకోలేదు.

వీధి చివర నడిచే చీమను గుర్తుపట్టే మనిషి, ఆ ఒక్క మాటతో తన కండ్లు పోయాయని నమ్మేసింది. సంతలో కళ్ళద్దాలు కొని పెట్టుకుంది. అవి పెట్టుకున్నాక నిజంగానే గడపలు తన్నుకునేది, కాబట్టి ఇంకా గట్టిగా నమ్మింది. తర్వాత హిందూపురంలో బట్టల ఫ్యాక్టరీలో చేరింది. కుట్టుపని ఇస్తామంటే, "నా కండ్లు మంచివి కావు సారూ" అని తానే చెప్పి, చొక్కాలు మడతపెట్టే పనిలో కూర్చుంది. మా ఆయన పోయాక నేను పెనుకొండకు వచ్చాను. ప్రతి కొత్త సంవత్సరం ఆరాధనకు వదిన మా చర్చికి వస్తుంది. అయ్యగారు ఆమె కండ్ల కోసం ప్రార్థన చేస్తారు. ఆడవాళ్ళంతా ఆమె తల మీద చేతులు పెడతారు. నా చెయ్యి కూడా ఉంటుంది. అందరికంటే గట్టిగా ఆమెన్ అనేది నేనే.

మా చర్చిలో సాక్ష్యం చెప్పడానికి ఎవరూ వెనకాడరు. "నేను ఘోర పాపిని" అని మైకు పట్టుకుని చెప్పడానికి ఎవరికీ సిగ్గు లేదు. పక్కింటి కరివేపాకు తెంపుకున్నానని చెప్పాలంటే మాత్రం ప్రాణం పోతుంది. నేనూ పద్దెనిమిదేళ్ళు ఘోర పాపిగానే నెట్టుకొచ్చాను.

ఒక మధ్యాహ్నం అయ్యగారు మేడమీదికి వచ్చారు. యూదులు తమ ఊళ్ళో ఉన్నారని విన్నాక ఆయన కాలు నిలవలేదు. నేను మజ్జిగ ఇచ్చాను.

"మీరు రక్షణ పొందినారా అమ్మా?" అన్నారు.

"దేన్నుంచి అయ్యగారూ?"

"పాపం నుంచి."

"ఏ పాపం?"

ఈ ప్రశ్న ఆయనను ఎవరూ అడిగి ఉండరు. గ్లాసు కింద పెట్టారు. "ఆదాము నుంచి వచ్చింది. మనం పుట్టుకతోనే పాపులం కదమ్మా."

"మేం అట్లా అనుకోం. బిడ్డ కడిగిన గిన్నె మాదిరి పుడుతుంది. తర్వాత మనమే మసి చేస్తాం. మసి చేసినోళ్ళే తోముకోవాల."

"ఎంత తోమినా పోని మసి ఉండాదమ్మా. అది మన చేతనయ్యే పని కాదనే ప్రభువు వచ్చినాడు."

"చేతనైతుందనే కదా దేవుడు చెయ్యమన్నాడు?"

నేను అప్పుడు నిజంగానే సంగటి కుండ తోముతున్నాను. ఇద్దరూ నా వైపు చూశారు. నా కుండ మసి రోజూ పోతుంది, రోజూ వస్తుంది. కాబట్టి నాకు ఇద్దరి మాటా నిజమే అనిపించింది.

"మరి దేవునికీ మీకూ మధ్యవర్తి లేకుండా ఎట్లా?" అన్నారు అయ్యగారు.

"మా నాయన దగ్గరికి పోయేదానికి నాకు మధ్యవర్తి ఎందుకు?"

ఇది నాకు నచ్చలేదు. మండలాఫీసులో రేషన్ కార్డులో పేరు మార్చాలంటేనే ఒకరిని పట్టుకుపోవాలి. పరలోకానికి ఒంటరిగా పోతానంటే అది ధైర్యమో, అనుభవం లేకపోవడమో నాకు తెలియలేదు. ఆ మాటే అన్నాను. ఆమె నవ్వి నవ్వి కండ్లు తుడుచుకుంది. అయ్యగారు నన్ను మెచ్చుకోవాలో వద్దో తెలియక మజ్జిగ తాగారు.

వానాకాలం చివర్లో వాళ్ళకు ఒక ఉపవాసం రోజు వస్తుంది. ఒక పొద్దుగూకినప్పటి నుంచి మర్నాడు చీకటిపడే దాకా మంచినీళ్ళు కూడా ముట్టరు. ఏడాది పాపాలన్నీ ఆ రోజు దేవుని ముందు ఒప్పుకుంటారట. అది కూడా అక్షరమాల ప్రకారం. మొదటి అక్షరంతో ఒక పాపం, రెండో అక్షరంతో ఒక పాపం, అట్లా చివరిదాకా. నాకు భలే నచ్చింది. కష్టపడి నేర్చుకున్న అక్షరాలు ఇన్నాళ్ళకు పనికొస్తాయి కదా అని, మా ఇంట్లో నోటుబుక్కు తీసి మొదలుపెట్టాను. అ, అబద్ధం. ఆ, ఆత్రం. ఈ, ఈర్ష్య. ఉ, ఉడుకుమోతుతనం. ఋ దగ్గర ఏ పాపమూ దొరకలేదు, ఆ మేరకు నేను పరిశుద్ధురాలినే. ఎ, ఎగతాళి. క దగ్గర జాగా చాలలేదు. చ, చాడీలు. సాఫీగా పోతూ పోతూ మ దగ్గరికి వచ్చాను. మౌనం అని రాసి పెన్ను పెట్టేశాను.

మర్నాడు పప్పు తాలింపు పెడుతూ ఆమెకు అంతా చెప్పాను. కొళాయి, బిందెలు, నలభై పోగులు.

"ఆమెకు చెప్పినావా?" అంది.

"దేవునికి చెప్పినా. ఆయన ఎప్పుడో క్షమించినాడు."

"దేవునికి చేసిన తప్పయితే దేవుడు క్షమిస్తాడు అక్కా. మనిషికి చేసిన తప్పు ఆ మనిషి క్షమించాల. మా ఉపవాసం కూడా దానికి పనికిరాదు. ముందు పోయి అడగాల. కాదంటే మళ్ళీ పోవాల. మూడుసార్లు నిజంగా అడిగినాక కూడా కాదంటే, ఇంక ఆ తప్పు కాదన్నోళ్ళది."

నాకు ఇది చాలా కష్టమైన మతంగా కనబడింది. మా దాంట్లో మోకాళ్ళు నొప్పి, అంతే. దీంట్లో బస్సు ఛార్జీ పెట్టుకుని వదిన ఎదురుగా నిలబడాలి. పరుగున అయ్యగారి దగ్గరికి పోయాను, పోనక్కరలేదని చెప్తారని.

ఆయన అంతా విన్నారు. "నీ పాపం ప్రభువు రక్తంతో కడగబడింది. దాంట్లో అనుమానం లేదు" అన్నారు. నాకు ఊపిరి వచ్చింది. "కానీ పోయి చెప్పు. అర్పణ తెచ్చినప్పుడు నీ సహోదరునికి నీ మీద ఏదైనా ఉందని గుర్తొస్తే, అర్పణ ఆడే వదిలేసి ముందు సమాధానపడమని ప్రభువే చెప్పినాడు."

"అది సహోదరుడు అయ్యగారూ. ఈమె వదిన."

"పో అమ్మా" అన్నారు.

పోయాను. హిందూపురంలో వదిన మెట్ల మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. కూర్చోకుండానే చెప్పేశాను. కూర్చుంటే చెప్పలేను. ఆమె చేట కింద పెట్టింది. కళ్ళద్దాలు తీసి, నా మొహం చూసి, మళ్ళీ పెట్టుకుని చూసింది.

"ఇది దేవునికి ఎప్పుడు చెప్పినావే?"

"ఆ సాయంత్రమే... అంటే, తెలిసినాక ఆ నెలలోనే వదినా."

"దేవునికి ఆ నెలలోనే! నాకు పద్దెనిమిదేళ్ళకు! కండ్లు పోయింది ఆయనవా, నావా? నీ బిందెలు కూడా నేనే మోస్తిని కదే!"

"క్షమించు వదినా."

"క్షమించను. లెయ్ ఈడనుంచి." నేను కూర్చోనే లేదు.

ఆ పూటే కళ్ళద్దాలు పెట్టెలో పారేసిందట. మర్నాడు అన్నంలో ఇంటిల్లిపాదికీ రాళ్ళు తగిలాయి. అప్పటికి వయసు మీదపడి ఆమె కండ్లకు నిజంగానే అద్దాలు కావాల్సి వచ్చింది. అది కూడా నా తప్పే అని ఫోను చేసి తిట్టింది. ఆ ఫోనులోనే అయ్యగారి మాట, మేడమీది ఆవిడ మాట అన్నీ నాతో చెప్పించుకుంది.

"మనదాంట్లో ఏడు డెబ్భైలసార్లు క్షమించాలంటారే, అది నా వల్ల కాదు. ఆమెది మూడుసార్లేనా?"

"మూడే వదినా."

"అంటే రెండుసార్లు కాదనొచ్చు?"

"అనొచ్చు."

"ఇది బాగుండాది. నీ విషయంలో నేను ఆమె పద్ధతిలోనే పోతా. ఒకటి అయిపోయింది. రెండోది చర్చిలో అడుగు, నా కండ్ల కోసం ప్రార్థన చేసినోళ్ళందరి ముందర."

కొత్త సంవత్సరం ఆరాధనలో మైకు పట్టుకున్నాను. నేను ఘోర పాపిని అనగానే, అలవాటుగా, అందరూ ఆమెన్ అన్నారు. తర్వాత కొళాయి గురించి మొదలుపెట్టేసరికి ఆమెన్‌లు ఆగిపోయాయి. వివరాలతో సాక్ష్యం మా చర్చిలో అదే మొదటిసారి. ముందు వరుసలో ఒకామె, తర్వాత తన వంతు వస్తుందేమోనని భయపడి, బిడ్డను ఎత్తుకుని బయటికి పోయింది. అయ్యగారికి నా మీద జాలేసి, సగంలోనే అందుకున్నారు. "హల్లెలూయా! మన సహోదరి పాపం కడగబడింది..."

వదిన లేచి నిలబడింది. "అయ్యగారూ, రోంత ఆగండి. ఇంకా నా కండ్ల దాకా రాలే."

ఆగారు. అంతా చెప్పాను. మా ఆడవాళ్ళు ఇన్నేళ్ళు ఆమె తల మీద పెట్టిన తమ చేతులు చూసుకున్నారు. "క్షమించు వదినా" అన్నాను మైకులోనే.

"అమ్మా, క్షమించు తల్లీ" అన్నారు అయ్యగారు.

"లేదు అయ్యగారూ. ఇది రెండోది" అని కూర్చుంది.

ఆ తర్వాత ఆమె నన్ను మూడోసారి అడగనివ్వలేదు. అడిగితే క్షమించాలి, లేకుంటే తప్పు ఆమె మీదికి పోతుంది. కాబట్టి అడగనివ్వకపోవడమే దారి. నేను ఫోనులో "వదినా" అని గొంతు మార్చగానే "పాలు పొంగుతాండాయి" అని పెట్టేసేది. మళ్ళీ ఐదు నిమిషాలకు తానే చేసేది. ఇంటికి పోతే నోరు తెరిచేలోపల బజ్జీ పెట్టేది. ఇన్నేళ్ళలో మేం ఇంతగా మాట్లాడుకున్నది లేదు. కానీ నాకు మనసులో ముల్లు ముల్లుగానే ఉంది. సాక్ష్యం చెప్పలేను, ఆమెన్ అనలేను. అర్పణ పెట్టె ముందుకొస్తే, పోయి సమాధానపడమన్న మాట గుర్తొచ్చి చెయ్యి వెనక్కి పోయేది. మేడమీది ఆవిడకు చెప్తే ఆమెకు కూడా తోచలేదు. "అడగనివ్వనోళ్ళ గురించి మా పెద్దోళ్ళు ఏం రాసినారో చూడాల" అంది.

వానలు మళ్ళీ వచ్చాయి. ఉపవాసం ముందురోజు పొద్దున వదినే ఫోను చేసింది.

"ఈ పొద్దు గూకితే ఆమె ఉపవాసమంట కదా?"

"నీకెట్లా తెలుసు?"

"ఆమెనే అడిగి పెట్టుకుంటి. పొద్దు గూకేలోపల ధర్మవరం స్టేషన్‌కు రా."

ఆమె హిందూపురంలో ఎక్కింది, నేను పెనుకొండలో అదే రైలెక్కాను. పెట్టెలో ఎదురుగా కూర్చుని కూడా మాట్లాడనివ్వలేదు. ధర్మవరంలో దిగి, ప్లాట్‌ఫారం మీద పక్కకు నిలబడి, కొంగు సర్దుకుని, "ఊ, అడుగు" అంది.

"నీ పని నేను చెడగొట్టి, నీ మీద పడుతుంటే చూస్తా నిలబడితి. క్షమించు వదినా."

"నేను నీళ్ళకు లేచేటప్పటికి ఎన్ని పచ్చ పోగులు మిగిలినాయి?"

"ముప్పై రెండో, ముప్పై మూడో."

"ఆడికి పచ్చ అయిపోయి ఎరుపు. నువ్వు ఒక పచ్చ వదిలేసి ఎరుపు ముందే పట్టుకున్నావు." వేళ్ళు గాల్లో పోగుల్ని మెలిపెట్టి చూసుకున్నాయి. "అంతే. నాది సరిగ్గానే ఉండాది." కండ్లు తుడుచుకుంది. "క్షమించినా. పద."

"యాడికి?"

"వీధికి."

"క్షమించినావు కదా వదినా, మళ్ళీ ఎందుకు?"

"క్షమించింది నిన్ను. నా చేతులకు రావాల్సిన పేరు ఇంకా రాలే."

మొదట యజమాని ఇల్లు. ముసలాయన అరుగు మీద ఉన్నాడు. చెవులు సరిగా వినబడవు. వదిన నన్ను ముందుకు తోసింది. పచ్చ చీర, ఎర్ర గీత, తప్పు నాదని మూడుసార్లు అరిచి చెప్పాను.

"ఏ చీర?" అన్నాడు ఆయన.

ఆయనకు ఏమీ గుర్తులేదు. వదిన మొహంలో రక్తం ఇంకిపోయింది. మరుక్షణమే మొహం ఎర్రబడింది. "నీకు గుర్తుండకున్నా పర్వాలే. మేం చెప్తాం, విను" అని అరుగు మీద కూర్చుని, మళ్ళీ మొదటినుంచి, కొళాయితో సహా నాతో చెప్పించింది. చివరికి ఆయన, "అయితే నీ కండ్లు బాగుండాయంటావు" అన్నాడు. "అప్పుడు బాగుండినాయి" అంది వదిన.

ఆ తర్వాత ఒక్కో తలుపు కొట్టుకుంటూ పోయాం. తెలిసినవాళ్ళు కొందరే మిగిలారు. అయినా ఏ తలుపునూ వదల్లేదు. "ఆ పొద్దు గీత నాది కాదు, దీనిది" అని ఆమె అంటుంది. "అవును, నాదే" అని నేను తల ఊపుతాను. ఒకామె కాఫీ ఇచ్చింది, ఒకామె ఏ గీత అని అడిగి మొత్తం చెప్పించుకుంది. చివరి ఇంట్లో గుడిబండ వైపు నుంచి కొత్తగా అద్దెకు దిగిన వాళ్ళున్నారు. వాళ్ళకు తెలుగు కంటే కన్నడం బాగా వచ్చు. ఇంక వదిలేద్దామన్నాను. వదిన వినలేదు. హిందూపురం కన్నడంలో మొదలుపెట్టింది. నాకూ కొంచెం వచ్చు కాబట్టి అర్థమైంది. కన్నడంలోకి వచ్చేసరికి నలభై పోగులు నాలుగు వందలయ్యాయి, ఒక చీర మూడు చీరలైంది.

ఆ ఇంటామె నోరు తెరిచి నా వైపు చూసింది. నేను తల ఊపాను.